ఏరియల్ బే జెట్టీ మీది మాశీకి

అమ్మ నిన్న రాత్రి నల్గొండ ఇంటికి చేరింది. తుంటి ఆపరేషన్ అయి పదకొండు రోజులు. కండ్లు మూతలు పడుతున్నయి గానీ ఇది రాయకుండ పండబుద్ధి అయితలేదు.

అండమాన్‌ల ఉత్తరం కొసకు డిగ్లీపూర్ అని ఊరుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నరు, రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైనే. అక్కడి కాలీపూర్ బీచ్‌కు చలికాలంల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్ట వస్తయి. టీవీల చూసినకాన్నుంచి అమ్మకు అదే యావ. సంక్రాంతి సెలవుల్ల అమ్మను, ఏడో తరగతి చదివే మా వాణ్ని తోలుకొని పోయిన. చూసినం కూడ. ఎర్ర లైటు వెలుతురుల ఒక ఆలివ్ రిడ్లీ తాబేలు, వెనుక కాళ్లతోటి కుండ లెక్క గుంత తోడి, గుడ్లు వదులుతున్నది. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. ఒంట్ల ఎక్కువైన ఉప్పు అట్ల బయటికి పోతదని బడిల పిల్లలకు నేనే చెప్త. అమ్మ మాత్రం "నొప్పులు పడుతున్నది బిడ్డా, మాట్లాడకుర్రి" అన్నది.

తెల్లారి రాస్, స్మిత్ దీవులు చూసొచ్చి పడవ దిగుతుంటె ఏరియల్ బే జెట్టీ మెట్ల మీద పాచికి జారి పడ్డది. లేవలే.

అక్కడ కొబ్బరిబొండాలమ్మే బెంగాలీ ఆమె కత్తి ఆడనే పడేసి ఉరికొచ్చింది. అందరు మాశీ అంటరు, మన లెక్క చిన్నమ్మ అన్నట్టు. ఆటో పిలిచింది, ఎక్కింది, దవాఖానకు మాతోటే వచ్చింది. తుంటి విరిగింది, పోర్ట్ బ్లెయిర్ తీస్కపోవాలె అన్నరు. జరావా ఆదివాసుల అడవిల నుంచి పోయే రోడ్డు అది, బండ్లను గుంపుగ, పెట్టిన టైముకే వదులుతరు. తెల్లారేదాక ఆగాలె.

రాత్రి అమ్మ చెవుల చెప్పింది, "ఆగుతలేదు బిడ్డా." మధ్యాహ్నం నుంచి పట్టుకొని ఉన్నది. నేను బెడ్‌పాన్ తెస్తె చీర కుచ్చిళ్లు గట్టిగ పట్టుకొని "నువ్వొద్దు" అని మొఖం తిప్పుకున్నది. మాశీ నా చేతుల నుంచి అది గుంజుకొని, నన్ను, పిలగాణ్ని బయటికి పంపి, తెర వేసింది. ఆ రాత్రి మూడుసార్లు. తడిసిన లంగ మార్చింది, నల్లా కాడ పిండి కిటికీ ఊచలకు ఆరేసింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా తెర వెనుక ఇద్దరు తెల్లందాక ఏదో మాట్లాడుకుంటనే ఉన్నరు. పొద్దున చూస్తె అమ్మకు నూనె పెట్టి, తల దువ్వి, జడ అల్లి ఉంది. పైసలియ్యబోతె చెయ్యి నెట్టేసి హిందీల "మా హై నా", అమ్మే కదా, అన్నది. నేను వరండాల గోడ పట్టుకొని ఏడ్చిన. నాయిన పోయినప్పుడు కూడ అట్ల ఏడ్వలే. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు మాశీ తన భుజం మీది ఎర్ర గమ్చా, తువ్వాల, మడిచి అమ్మ తుంటి కింద పెట్టింది.

అక్క, బావ పైసలు పంపిర్రు, నా భార్య ఇల్లు, చిన్నదాన్ని చూసుకున్నది.

ఆపరేషన్ చేసిన డాక్టర్ ఎక్స్‌రే చూసి "ఈమె ఏ నీళ్లు తాగి పెరిగింది?" అని అడిగిండు. మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు సార్, ఇంకేం నీళ్లు. ఫ్లోరైడ్‌తోటి బొక్కలు మందమైతయి గానీ పెళుసుగ ఉంటయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టిర్రు, మా అమ్మ ఊరికి మాత్రం మంచినీళ్లు రానీకె ఆమె జుట్టు నెరిసింది. ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు అది పాత జబ్బు అని క్లెయిమ్ కొట్టేసిర్రు. ఏడేండ్లు ప్రీమియం తీసుకున్నప్పుడు యాది లేదా? ఆ నీళ్లు ఆమె కోరి తాగిందా? నేను దీన్ని వదిలిపెట్ట.

ఆగుర్రి, రక్తమిచ్చిన పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ తమ్ముళ్లిద్దరిని మరిచిన. శ్రీకాకుళం నుంచి పోయి స్థిరపడ్డోళ్ల పిల్లలు. మిడిల్ స్ట్రెయిట్ అనే సముద్రపాయ కాడ బండి పంటు ఎక్కేటప్పుడు తన టిఫిన్ డబ్బా మా వానికిచ్చిన అంబులెన్స్ డ్రైవర్ అన్న. కిరాయి తీసుకోని లాడ్జి ఆయన. నా క్లాసులు చెప్పిన మా బడి సార్లు, మేడంలు. రాత్రి డ్యూటీ నర్సమ్మ కూడ, పేరడగలే.

గమ్చా మాతోటే వచ్చింది. అమ్మ బీరువాల నుంచి కట్టని పుట్టపాక చీర ఒకటి తీయించి, దాని మీద పెట్టుకొని కూసున్నది. డిగ్లీపూర్ దిక్కు పోయేటోళ్లు ఎవరన్న ఉంటె చెప్పుర్రి.