ఆ మాత్ర వెనకున్నావిడ

సంపాదకులు గారికి,

నమస్కారం.

చైనావాళ్లలో మనం మెచ్చుకోదగ్గ మనిషి ఒక్కరైనా ఉన్నారా అని మొన్న మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు అడిగారు. సరిహద్దు గొడవల మీద కోపంతో రాసిన మాట అది. ఆ కోపం నాకూ ఉంది. కానీ ప్రశ్న అడిగారు కాబట్టి జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నాకు ఒకావిడ ఉన్నారు. పేరు తు యూయూ, మలేరియా మందు కనుక్కున్న శాస్త్రవేత్త.

నేను విశాఖ ఏజెన్సీలో మలేరియా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. వేలి చివర గుచ్చి, గాజు పలక మీద ఒక మందపు చుక్క, పక్కనే ఒక పల్చటి పూత తీసి, ఆరాక రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టడం నా పని. మేం పీఎఫ్ అని పిలిచే రకం ఒకటుంది, మెదడుకెక్కి ప్రాణం తీసేది అదే. ఒక దశలో దాని క్రిమి అరటిపండులా వంపు తిరిగి కనబడుతుంది. ఎన్ని వేల స్లైడ్లు చూసినా, ఆ అరటిపండు కనబడ్డప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది.

మొదట్లో మా దగ్గర ఉన్న మలేరియా మందు క్లోరోక్విన్. ఒకతను కూతుర్ని డోలీలో కొండ దింపి తెచ్చాడు. మాత్రలిచ్చి పంపాం. కొద్ది రోజులకే మళ్లీ డోలీ వచ్చింది. స్లైడు చూస్తే క్రిములు అలాగే ఉన్నాయి. చేదుగా ఉందని మాత్రలు పారేసి ఉంటారని ఆ తండ్రిని అందరం తలోమాటా అన్నాం. అతను తల దించుకుని నిలబడ్డాడు గానీ ఎదురు చెప్పలేదు. ఆ క్రిమికి క్లోరోక్విన్ లొంగడం మానేసిందని మాకు తర్వాత అర్థమైంది. ఆ పిల్ల బతికింది, పెద్దాసుపత్రిలో. కానీ ఆ తండ్రికి సారీ చెప్పే అవకాశం నాకు మళ్లీ రాలేదు.

కొన్నేళ్లకు రంగురంగుల అట్టల్లో కొత్త మందు వచ్చింది. పెద్దవాళ్లకు తెల్ల అట్ట, పసిపిల్లలకు గులాబి. కోర్సు మూడు రోజులు. మొదటి రోజు కాలిపోతున్న ఒళ్లు, చాలామందికి రెండో రోజు సాయంత్రానికి చల్లబడేది, గంజి అడిగేవాళ్లు. అందులో ఆర్టిసునేట్ అనే మందు ఉంటుందని తెలుసు. అది ఎక్కడి నుంచి వచ్చిందో సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆలోచించలేదు. 2015లో తు యూయూకి నోబెల్ వచ్చిన వార్త చదివాకే తెలిసింది.

వియత్నాం యుద్ధంలో అడవుల్లో ఉన్న సైనికులు తూటాల కన్నా మలేరియాతో ఎక్కువ నష్టపోతుంటే, ఉత్తర వియత్నాం చైనాను సాయం అడిగింది. 1967 మే 23న రహస్యంగా ఒక ప్రాజెక్టు మొదలైంది. ఆ తేదీ మీదే దానికి 523 అని పేరు. 1969లో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య సంస్థలో పరిశోధన బృందాన్ని తు యూయూకి అప్పజెప్పారు. అవి సాంస్కృతిక విప్లవం రోజులు. చదువుకున్నవాళ్లను పల్లెలకు తోలేస్తున్నారు, ఆవిడ భర్త కూడా వాళ్లలో ఒకరు. మలేరియా రోగుల్ని చూడటానికి ఆవిడ హైనాన్ దీవికి వెళ్లాల్సి వచ్చింది. పెద్ద పిల్లను నర్సరీలో వదిలారు, చిన్న పిల్లను అమ్మమ్మ ఇంట్లో. తిరిగొచ్చేసరికి కూతురు తల్లిని గుర్తుపట్టలేదు.

ఇక పని సంగతి. పాత గ్రంథాలు, ఊరి వైద్యులు చెప్పిన మందులు కలిపి రెండు వేలకు పైగా చిట్కాలు పోగుచేశారు. దాదాపు 200 మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించారు. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి 68 శాతం పనిచేసింది. మళ్లీ చేస్తే 12, 40 శాతాల మధ్యకు పడిపోయింది. అక్కడ ఆపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆవిడ మళ్లీ పుస్తకాలు తిరగేశారు. నాలుగో శతాబ్దానికి చెందిన గ హోంగ్ అనే వైద్యుడు రాసింది ఇంతే: గుప్పెడు చింగ్‌హావ్‌ను రెండు కొలతల నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలి.

కాచమని లేదు. మనమైనా మూలిక అనగానే పొయ్యి మీద పెట్టి కషాయం కాస్తాం కదా. వేడి వల్లే మందు గుణం పోతోందేమోనని ఆవిడకు తట్టింది. 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీశారు. సరైన పరికరాలు లేక ఇళ్లలో నీళ్లు పట్టుకునే తొట్లు వాడారు, గదిలో గాలాడేది కాదు, ఆవిడకు కాలేయం దెబ్బతింది. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లో నూటికి నూరు శాతం పనిచేసింది. మరుసటి ఏడాది, రోగులకు ఇచ్చేముందు ఆవిడ, మరో ఇద్దరు సహచరులు ఆస్పత్రిలో చేరి ఆ మందు తామే తీసుకున్నారు.

ఆ పని ఫలితమే ఆర్టెమిసినిన్. మా అట్టల్లోని ఆర్టిసునేట్ దాన్నుంచి తయారైందే. ఈ ఘనత ఒక్కరిదే కాదని, చాలామంది శ్రమ ఉందని చైనాలోనే వాదన ఉంది, అందులో నిజం కూడా ఉంది. 1977లో అచ్చయిన మొదటి పేపరు మీద ఎవరి పేరూ వేయలేదు. నోబెల్ వచ్చేనాటికి ఆవిడకు 84 ఏళ్లు. డాక్టరేట్ లేదు, విదేశీ చదువు లేదు, తమ దేశ సైన్స్ అకాడమీలో సభ్యత్వం కూడా లేదు.

చింగ్‌హావ్ మనకు పరాయిదేమీ కాదు. వినాయక చవితి పత్రిలో మొదట చదివే మాచీపత్రం, మల్లెల మధ్య కట్టే దవనం దాని జాతి మొక్కలే. ఇలా రాస్తున్నానని మాచిపత్రి కషాయంతో మలేరియా పోతుందని మాత్రం వాట్సాప్‌లో పెట్టకండి, పోదు. మా కాలనీ గ్రూపులో ఇప్పటికే ఒకాయన అలాంటిదే పెట్టారు. అడిగితే, మన పూర్వీకులు ఉత్తినే పెట్టలేదు కదండీ అన్నారు. ఇంకొకాయన పసరు వైద్యమంతా బూటకం అన్నారు. ఇద్దరూ గంటసేపు కొట్లాడుకున్నారు. ఆ పాత పుస్తకం తు యూయూ చేతిలో పడితే ఏం చేశారో వాళ్లిద్దరికీ చెబుదామనుకున్నాను గానీ, అప్పటికే చర్చ వేరే దారి పట్టింది.

నేను కోరేవి రెండు. మన ఏజెన్సీలో జ్వరాలకు పసర్లు ఇచ్చే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు వాడే మొక్కల్ని, వాళ్ల అనుమతితో, వాళ్లకూ వాటా ఉండేలా మన విశ్వవిద్యాలయాలు పరీక్షించాలి. పనిచేయనివాటి ఫలితాలు కూడా తెలుగులో అచ్చువేయాలి. ఆర్టెమిసినిన్‌కూ లొంగని మలేరియా ఇప్పటికే కంబోడియా వైపు, ఆఫ్రికాలో కొన్నిచోట్ల కనబడింది కాబట్టి ఇది తీరిగ్గా చేసుకునే పని కాదు.

రెండోది చిన్నదే. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనుక్కున్నది సికింద్రాబాద్‌లో. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. దాన్ని చూడటానికి వచ్చే పిల్లల కోసం అక్కడ తు యూయూ కథ కూడా ఒక బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలి. గులాబి అట్ట, తెల్ల అట్ట అతికించడానికి నా దగ్గర ఖాళీవి రెండు దాచిపెట్టినవి ఉన్నాయి, కావాలంటే పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
నర్సీపట్నం