ల్యాబ్ బీరువా తాళం తీయించండి

సంపాదకుడు గారికి,

మా మనవరాలు నగరంలో ఒక సర్కారు బడిలో పదో తరగతి చదువుతోంది. మొన్న కటకాల పాఠం చదువుతుంటే, ‘కుంభాకార కటకం ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా?’ అని అడిగాను. ‘లేదు తాతయ్యా, బొమ్మ మాత్రం బాగా వేస్తాను’ అంది. ఆ ప్రయోగానికి కావలసింది ఒక కటకం, కొవ్వొత్తి, మీటరు స్కేలు, తెరగా ఒక తెల్ల కాగితం. అంతే.

టీచర్లను తప్పుపట్టను. నేనూ ముప్పై ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణే. సామాను చాలా బళ్లలో ఎంతో కొంత ఉంటుంది, కాకపోతే బీరువాలో ఉంటుంది. బీకరు పగిలితే స్టాక్ రిజిస్టరు ముందు జవాబు చెప్పుకోవాల్సింది టీచరే. ఆ భయంతో నేనూ తాళం వేశాను. ఫిబ్రవరి 28న సైన్స్ డేకి అన్నీ దులిపి బల్లమీద పేర్చేవాళ్లం, ఫొటో అయ్యాక మళ్లీ లోపల పెట్టేవాళ్లం.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. సమగ్ర శిక్ష పథకం కింద బడి నిర్వహణకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు పెద్ద బడికైనా ఏడాదికి లక్ష రూపాయలు దాటదు. కరెంటు బిల్లు, నీళ్లు, ఆటవస్తువులు, ల్యాబ్, అన్నీ అందులోనే. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యాన్లు ఆగుతాయి. ఆమ్లం సీసా ఖాళీ అయితే ఎవరికీ తెలియదు. 2022లో సర్కారు బడులను బాగుచేయడానికి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ‘మన బస్తీ - మన బడి’ కింద పన్నెండు రకాల పనులు పెట్టుకున్నారు. మరుగుదొడ్లు, ప్రహరీలు, రంగులు ఉన్నాయి, అవీ అవసరమే. సైన్స్ ల్యాబ్ మాత్రం ఆ జాబితాలో లేదు. త్రీడీ ప్రింటర్ల లాంటివి పెట్టే అటల్ టింకరింగ్ ల్యాబులకు కేంద్రం బడికి 20 లక్షల దాకా ఇస్తోంది. త్రీడీ ప్రింటరు వద్దనను, కానీ లిట్మస్ కాగితం రంగు మారడం చూడని పిల్లకు అది రెండో మెట్టు.

ఇంటర్‌కు వెళ్లాక ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు ముప్పైయేసి మార్కులు. చాలామంది బ్యూరెట్ (ద్రావణం కొలిచే గాజు గొట్టం) పట్టుకునేది అప్పుడే, అదీ పరీక్ష టెన్షన్‌తో.

1897లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపులో చూసింది మన సికింద్రాబాద్‌లోనే. మన పిల్లలకు ఉల్లిపొరైనా చూపించాలిగా.

రాష్ట్ర బడ్జెట్‌లో ప్రతి హైస్కూలు ల్యాబ్‌కూ వేరే పద్దు పెట్టి, విద్యార్థుల లెక్కన ఏటా జూన్‌లో డబ్బు జమ చేయాలి. దాన్ని కరెంటు బిల్లుకు మళ్లించే వీలు ఉండకూడదు. ఒక ల్యాబ్ అటెండరును ఇవ్వాలి. పగిలిన గాజు సామానును రిజిస్టరులోంచి కొట్టేసే అధికారం హెడ్మాస్టరుకే ఉండాలి. ఈ చివరిదానికి ఒక్క జీవో చాలు, పైసా ఖర్చు లేదు.

— ఒక రిటైర్డ్ సైన్స్ టీచరు, తార్నాక, హైదరాబాద్