ఆశ్చర్యం ఎవరి చెవికి?

సంపాదకులకు,

సంగీతంలోని ఆశ్చర్యాన్ని కంప్యూటర్ కొలుస్తోందంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. ‘ఆశ్చర్యం పెరిగేకొద్దీ ఆనందమూ పెరుగుతుంది’ అన్న ముక్క దగ్గరే నాకు పేచీ.

1948లో అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ చూపిన లెక్క ప్రకారం, రాబోయే స్వరానికి సంభావ్యత ఎంత తక్కువైతే, అది వచ్చినప్పుడు అందే సమాచారం అంత ఎక్కువ. కంప్యూటర్ కొలిచే ఆశ్చర్యం ఇదే, దాని కొలమానం బిట్టు. స రి గ ప దాకా పాడి ఆపారనుకోండి. మోహన రాగమైతే పైన ధైవతం, హంసధ్వని రాగమైతే నిషాదం. రెండింటికీ సమాన అవకాశమైతే ఏది వచ్చినా ఒక బిట్టు. 8లో 1 వంతు అవకాశమున్నది వస్తే 3 బిట్లు. మరి మోహనం వాయిస్తూ సన్నాయి జారి, అందులో లేని మధ్యమం పలికితే? బిట్లు బోలెడు! మా పాలకొల్లు గుడి మంటపంలో కూర్చునే పెద్దలు మాత్రం మొహం చిట్లిస్తారు.

అమెరికా పాప్ పాటల్లోని కార్డ్‌లపై (chords, ఒకేసారి మోగే స్వరాల గుంపులు) 2019లో వెలువడిన పరిశోధన కూడా అంత తేలికగా తేల్చలేదు. ఏమి వస్తుందో శ్రోత ధీమాగా ఉన్నప్పుడు అనుకోనిది రావడం, ఏమీ తోచనప్పుడు ఊహకు అందేది రావడం, ఈ రెండూ ఇంపుగా ఉన్నాయట.

అసలు ఎవరి ధీమా? పెళ్లిలో గట్టిమేళం మోగుతుందని అందరికీ తెలుసు, ఏ క్షణాన అన్నది తెలియదు. పురోహితుడి చేతినే చూస్తున్న డోలు కళాకారుడికి అందులో వింత లేదు. వెనక వరుసలో కబుర్లాడుతున్న బంధువు ఉలిక్కిపడతాడు. మోత ఒకటే, బిట్లు వేరు.

సంగీతంలోని ఆశ్చర్యాన్ని లెక్కగట్టేందుకు పరిశోధకుడు మార్కస్ పియర్స్ రూపొందించిన కంప్యూటర్ ప్రోగ్రాము సైతం ముందు నేర్చిన బాణీలనూ, అప్పుడు వింటున్న బాణీనీ కలిపే అంచనా కడుతుంది. పాశ్చాత్య బాణీలతో పెంచితే మన రాగాలన్నీ దానికి వింతే. పైగా అలాంటి ప్రోగ్రాములో ప్రతి స్వరానికీ ఒక అంకె ఇవ్వాలి. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతుంది. ఆ ఊపే తోడి. దానికి ఏ అంకె వేయాలో మీ వ్యాసకర్త రాస్తే చదవాలని ఉంది.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా