# ఎక్కడ, @ ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఎంతోమంది మంచినీళ్లు, పాలు, పడవల కోసం సోషల్ మీడియాలో పోస్టులు పెట్టారు. అలాంటి వేళ ఒక్క గుర్తు తప్పుగా పడినా పోస్టు చేరాల్సిన చోటికి చేరదు. కొత్తగా స్మార్ట్‌ఫోన్ పట్టినవారికి తెలిసేలా ఈ నాలుగు మాటలు అచ్చువేయాలని మా మనవి.

@ పెట్టి ఖాతా పేరు రాస్తే ఆ ఖాతాకు నోటిఫికేషన్ వెళ్తుంది. # పెడితే వెళ్లదు. # పెట్టి రాసిన మాటను హ్యాష్‌ట్యాగ్ లేదా ట్యాగ్ అంటారు. అదే ట్యాగ్ ఉన్న పోస్టులన్నీ ఒకచోట చేరతాయి, అంతే. వీధిలో డ్రైనేజీ పొంగిందని # పక్కన మునిసిపాలిటీ పేరు రాసి జవాబు కోసం ఎదురుచూడటం వృథా. ఫిర్యాదుకు కావలసింది @. అలాంటి పేరుతోనే నకిలీ ఖాతాలూ ఉంటాయి కాబట్టి శాఖ వెబ్‌సైట్‌లో ఇచ్చిన పేరుతో సరిచూసుకోవాలి.

తెలుగులో హ్యాష్‌ట్యాగ్ రాసేవారికి అసలు చిక్కు విభక్తులతో వస్తుంది. ‘#విజయవాడలో పడవ కావాలి’ అని రాస్తే ట్యాగ్ #విజయవాడలో అవుతుంది, #విజయవాడ కింద చేరదు. వాక్యాన్ని మామూలుగా రాసి, ట్యాగులను చివర విడిగా పెట్టాలి. మధ్యలో ఖాళీ వస్తే ట్యాగ్ అక్కడికే ఆగిపోతుంది. ‘#రక్తం కావాలి’లో ట్యాగ్ రక్తం ఒక్కటే. #రక్తం_కావాలి అని అండర్‌స్కోర్‌తో కలిపితే రెండు మాటలూ వస్తాయి. హైఫన్, చుక్క, కామా కలపవు, తెంచుతాయి. # ముందు మాట అంటుకుని ఉన్నా ఎక్స్‌ (ఒకప్పటి ట్విట్టర్)లో లింక్ పడదు, ఉత్త అంకెలు రాసినా పడదు. #హైదరాబాద్, #హైద్రాబాద్ వేర్వేరు ట్యాగులు. అందుకే ముందు సెర్చ్‌లో చూసి, ఎక్కువమంది వాడుతున్న స్పెల్లింగే వాడాలి. సంబంధం లేని ట్రెండింగ్ ట్యాగులు తగిలిస్తే సాయం కోసం వెతికేవారికి అడ్డమవుతాం.

అన్నీ సరిగ్గా రాసినా పోస్టు కనిపించలేదంటే ఖాతా ప్రైవేట్‌లో ఉందేమో చూడాలి. ఫేస్‌బుక్‌లో పోస్టు పక్కన భూగోళం బొమ్మ ఉంటే అందరూ చూడగలరు, ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే స్నేహితులు, తాళం ఉంటే మీరొక్కరే. వాట్సాప్ గ్రూపులో ఒకరికి ప్రత్యేకంగా కబురు అందాలంటే @ పెట్టి సభ్యుడి పేరు ఎంచుకోవాలి. అక్కడ మెసేజ్ మీద రెండు బాణాలు కనిపిస్తే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. నిజానిజాలు తేల్చుకోకుండా పంపొద్దు.

ఎక్స్‌లో నీలి టిక్ డబ్బు కడితే వస్తుంది, దాన్నిబట్టి మనిషిని నమ్మలేం. ప్రభుత్వ ఖాతాలకు ఇచ్చేది బూడిద రంగు టిక్. బ్యాంకు మీద బహిరంగంగా ఫిర్యాదు పెడితే, కస్టమర్ కేర్ పేరుతో మోసగాళ్లు జవాబిస్తారు. ఖాతా నంబరు, ఆధార్, ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. హ్యాష్‌ట్యాగ్ అచ్చువేసేటప్పుడు పంక్తి చివర విరవకుండా ఒకే వరుసలో వేయండి. సగంలో విరిగితే, చూసి టైప్ చేసే పాఠకుడు అక్కడ ఖాళీ గానీ హైఫన్ గానీ పెడతాడు.

ఇట్లు
డిజిటల్ అక్షరాస్యత శిక్షకులు, విజయవాడ