డిసెంబర్ ట్రిప్: సముయి వద్దు, లాంటాకి వెళ్దాం

అందరికీ నమస్కారం. మన థాయ్‌లాండ్ ట్రిప్‌కి సముయి దీవికే ఎక్కువ ఓట్లు పడ్డాయి కానీ, టికెట్లు కొనే ముందు ఒక్కసారి ఇది చూడండి. సముయి థాయ్‌లాండ్ గల్ఫ్‌లో ఉంది. అక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జోరు వానలు. అదే డిసెంబర్‌లో అండమాన్ సముద్రం వైపు ఎండ కాస్తుంది, అలలూ తక్కువే. అందుకే నా ఓటు ఆ వైపున్న కో లాంటా దీవికి. క్రాబీ ఎయిర్‌పోర్టులో దిగి వ్యాన్ ఎక్కితే చాలు, మధ్యలో వ్యానే ఫెర్రీ మీదికి ఎక్కుతుంది, సామాను దించే పని లేదు. క్లాంగ్ డావ్ బీచ్‌లో చాలా దూరం లోతు ఉండదు, పిల్లలతో టెన్షన్ పడక్కర్లేదు.

శాకాహారం తినే పెద్దవాళ్ల గురించే నా బెంగ. అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. పసుపు బోర్డు మీద ఎర్ర థాయ్ అక్షరాలతో 'జే' (అక్కడి శుద్ధ శాకాహారం) అని రాసి ఉన్న కొట్లలో మాత్రం మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అత్తయ్యా, మీరు నిశ్చింతగా రండి.

ఇంకోటి, థాయ్‌లాండ్‌లోకి వచ్చేవాళ్లు నింపాల్సిన ఫారం, అంటే డిజిటల్ అరైవల్ కార్డు, అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, ఉచితమే. డబ్బులడిగే సైట్ల జోలికి వెళ్లకండి.

ఆదివారం లోపు సరే అంటే టికెట్లు చూస్తాను.