నెల్లూరు కలెక్టర్ గారికి: మా చెరువుల్లో యానాదుల వాటా ఏది?

కలెక్టర్ గారూ, నమస్కారం.

వరి పొట్ట మీదున్నప్పుడు ఎలుకలు పడితే మా రైతులు ముందు కబురు పెట్టేది యానాది గిరిజనుల కాలనీకే. కలుగు దగ్గర పొగకుండ పెట్టి ఊదుతారు. విషం మందు అక్కర్లేదు. కోతలయ్యాక ఎలుకలు కలుగుల్లో దాచిన వడ్లు తవ్వి తీస్తారు. పనుల్లేని రోజుల్లో ఆ గింజలే వాళ్లకి గంజి. చెరువు నిండితే చేపలు పట్టే మావులు వేస్తారు, ఎండితే దుంపలు, తేనె వెతుక్కుంటారు. ఇంత తెలిసినవాళ్లు ఆకలితో ఉండటం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

1971లో శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరింది. ఆ రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవి వదిలినవాళ్లలో యానాదులూ ఉన్నారు. ఇప్పుడు మా చెరువు వేలం పాడినవాళ్లు యానాదులని వల వెయ్యనివ్వడం లేదు. వేలానికి డబ్బు యానాదులు ఎక్కడ తెస్తారండీ?

ప్రతి చెరువులో కొంత భాగం యానాదుల సంఘానికి వేలం లేకుండా ఇప్పించండి. ఎలుకలు పట్టే పనికి వ్యవసాయ శాఖ ద్వారా కూలి కట్టించండి. కుల ధ్రువీకరణ పత్రాల కోసం వాళ్లని ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, సిబ్బందినే కాలనీకి పంపండి. వచ్చే వేలం లోపే ఈ పని జరగాలి.

ఇట్లు,
పెన్నా ఆయకట్టు రైతు