తూము కాదురా, బోదె!

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్లు కాస్త నయం, చెల్లికి ఉద్యోగం వచ్చింది, నేను వేళకే తింటున్నాను. ఇంతే కబుర్లు. అసలు సంగతి నీకు చెప్పకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు.

నా పని తెలుసుగా, మెడలోని కెరోటిడ్ ధమనిలో రక్తం ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం. ఒక రోగి సీటీ స్కాన్‌లోంచి తీసిన ఆకారం. పైకి వెళ్లి రెండుగా చీలుతుంది: ఇంటర్నల్ మెదడుకి, ఎక్స్‌టర్నల్ మొహానికి. ఈయనకి ఇంటర్నల్ మొదట్లో సగం దాకా సన్నబడింది. అయినా వచ్చే రక్తంలో దాదాపు 70 శాతం మెదడు వైపే పోవాలి. నా కంప్యూటర్‌లో మాత్రం ఎక్కువ భాగం మొహానికే పోతోంది! మూడు వారాలు రా. లెక్క కోసం ధమనిని ముక్కలు చేసే గళ్లు (మెష్) ఇంకా చిన్నవి చేశాను, ఒక లెక్కకీ మరో లెక్కకీ మధ్య సమయం (టైమ్ స్టెప్) తగ్గించాను. అదే జవాబు.

రక్తం బయటికి పోయే రెండు చివర్లలోనూ పీడనం 0 అని పెట్టాను. మనిషి సగటు రక్తపీడనం 93 మిల్లీమీటర్ల పాదరసం కదా, అదే తప్పేమోనని రెండు చోట్లా 93 పెట్టి చూశాను. పంపకంలో చుక్క కూడా మారలేదు! నా లెక్కలో ధమని గోడలు కదలవు కాబట్టి ప్రవాహాన్ని నడిపేది పీడనాల మధ్య తేడా ఒక్కటే. రెండు వైపులా ఒకే అంకె ఉన్నప్పుడు అది ఎంతైతేనేం? ఆ రాత్రి చదువు మానేద్దామా అనిపించింది. నిజంగా.

అప్పుడు మీ నాన్నగారు గుర్తొచ్చారు. మన టార్చిలైటు రాత్రి! శివారు పొలానికి నీళ్లు రావట్లేదని మనం తూము తవ్వుతుంటే ఆయన ఏమన్నారు? "తూము కాదురా, కింద బోదె నిండా గుర్రపుడెక్క ఉంది, అది చూడండి" అన్నారు. చటుక్కున లేచి కూర్చున్నాను.

స్కాన్ ఆగిన చోట ధమని ఆగదు కదరా! ఆ అవతల లెక్కలేనన్ని సన్న నాళాలు. పీడనం ఎక్కువగా పడిపోయేది అక్కడే, నేను గీసిన ఈ నాలుగు సెంటీమీటర్లలో కాదు. రెండు చివర్లలో ఒకే పీడనం పెడితే అవతల ఏ అడ్డూ లేదని చెప్పినట్టే. ఇక ఈ చిన్న సన్నదనమే మొత్తం పంపకాన్ని తేల్చేసింది. అసలు మనిషిలో సగం సన్నబడినంత మాత్రాన ప్రవాహం పెద్దగా తగ్గదు. 70 శాతం దాటాకే గట్టిగా దెబ్బ తగులుతుంది.

అందుకని ఒక్కో చివర ఒక్కో నిరోధం పెట్టాను. పీడనాన్ని ప్రవాహంతో భాగించడమే. 93ని 1333తో గుణించాలి, సీజీఎస్‌లో, అంటే సెంటీమీటరు-గ్రాము-సెకను కొలతల్లో, మిల్లీమీటరు పాదరసం అంటే అంత. ఇంటర్నల్‌కి సెకనుకి 4.55 మిల్లీలీటర్లు అనుకుంటే 27 వేల చిల్లర. ఎక్స్‌టర్నల్‌కి 64 వేల దాకా. మెదడు దారి అంత సులువు, చూశావా! అందుకే గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో కూడా అటు రక్తం ఆగదు.

కానీ ఉత్త నిరోధం పెడితే పీడనం ప్రవాహాన్ని అచ్చంగా అనుకరిస్తుంది, గుండె వదలగానే దబ్బున పడిపోతుంది. సాగి రక్తాన్ని దాచుకునే గుణం కూడా కావాలి. దాన్ని విండ్‌కెసెల్ అంటారు. జర్మన్‌లో గాలి గది అని. పాత ఫైరింజన్లలో పంపు ఆగి ఆగి కొట్టినా గొట్టంలోంచి నీళ్లు ఆగకుండా రావడానికి ఉండేదట. 1733లోనే స్టీఫెన్ హేల్స్ ధమనుల్ని దాంతో పోల్చాడు, 1899లో ఒట్టో ఫ్రాంక్ లెక్క కట్టాడు. నాకు ఇది చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

ఇందాక కంప్యూటర్ లెక్కలో ఆరో గుండె చప్పుడు దాటింది. మొదటివి నమ్మకూడదు, పీడనం కుదురుకోవాలి. ఇంటర్నల్‌కి 68 శాతం వస్తోంది రా, 68! కానీ మెదడుకి 70 శాతం అన్న మాట నేనే ముందుగా కంప్యూటర్‌కి చెప్పాను కదా, మరి ఈ రోగి సొంత ప్రవాహం ఎంతో డాప్లర్‌తో, అంటే రక్తం వేగం కొలిచే అల్ట్రాసౌండ్‌తో, కొలిచి... దాని గురించి వేరే రాస్తాను. మెస్ మూసేస్తున్నారు, పరిగెత్తాలి. నాన్నగారికి ఈ మాట చదివి వినిపించు, తప్పకుండా.

నీ,
రాము